మగవారిలో యాంటీబాడీలు: మాత్రలా, ఐయూఐనా, ఇక్సీనా? ఏది మేలు?

వీర్యకణాల కౌంటు బాగుంది, కదలికా బాగుంది, అయినా గర్భం నిలవడం లేదు. అలాంటప్పుడు నెల్లూరు పొగతోటలో చేయించిన రిపోర్టులో కొందరికి ‘యాంటీస్పెర్మ్ యాంటీబాడీలు’ అని కనబడుతుంది. అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే వీర్యకణాలను పరాయివిగా చూస్తోందన్నమాట. వీర్యకణాలు తయారయ్యేది ఈడొచ్చాక. తనవేవో, పరాయివేవో ఒళ్లు అంతకు చాలా ముందే గుర్తుపట్టి పెట్టుకుంటుంది. అందుకే వృషణాల్లోని సెర్టోలి కణాలు రక్తానికి అందకుండా వాటికి అడ్డుగోడ కడతాయి. దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ కాపు చెదరొచ్చు. కు.ని. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నాళాలు కలిపించుకున్నవాళ్లలో ఈ యాంటీబాడీలు ఎక్కువ.

ఈ యాంటీబాడీలను పట్టే మార్ పరీక్షలో వీర్యానికి సన్నటి పూసలు కలిపి మైక్రోస్కోపులో చూస్తారు. యాంటీబాడీలు పట్టిన కణం పూసను ఈడ్చుకుంటూ ఈదుతుంది. కదిలే కణాల్లో సగం అలా ఉంటేనే అసలు సమస్య. పదీ ఇరవై శాతానికి టెన్షన్ వద్దు.

రోగనిరోధక వ్యవస్థను అణిచే స్టెరాయిడ్ మాత్రలు చవక, ఆశపెట్టేది అదే. నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడొచ్చు, తుంటి ఎముకే దెబ్బతినొచ్చు. చీమకుర్తి క్వారీలో పనిచేసే మనిషికి తుంటి పోతే బతుకే పోయినట్టు. పోనీ ఫలితమైనా ఖాయమా అంటే, కాదు. నేనైతే వద్దంటాను.

యాంటీబాడీలు పట్టిన కణాలు గర్భాశయ ముఖద్వారం జిగురులో చిక్కుకుంటాయి. ఐయూఐ, అంటే కడిగిన వీర్యాన్ని సన్నటి గొట్టంతో నేరుగా గర్భాశయంలోకి పంపడం, వాటిని ఆ జిగురు దాటించి లోపల వదులుతుంది. వీర్యాన్ని కడిగితే యాంటీబాడీలు పూర్తిగా పోవు, అండంలోకి దూరే కష్టం అలాగే ఉంటుంది. అయినా భార్య వయసు తక్కువై, ట్యూబులు తెరిచి ఉండి, శాతం మరీ ఎక్కువ కాకపోతే మూడు నాలుగుసార్లు చూడొచ్చు.

ఇక్సీలో ఒక్క కణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు, యాంటీబాడీలున్నా పెద్దగా అడ్డు కాదు. 1992లో బ్రస్సెల్స్ వైద్యులు దీంతో తొలి కాన్పుల సంగతి ప్రకటించారు. ఖర్చు మాత్రం లక్షల్లో. సమస్య మగవాడిదైనా ఇంజెక్షన్లూ, అండాలు తీయించుకోవడమూ భార్యకే. అత్తగార్లు ఈ సంగతి ఎత్తరు. ఆమెకు 35 దాటితే, లేదా దాదాపు కణాలన్నిటికీ పూసలు అంటుకుంటే ఐయూఐలతో నెలలు పోగొట్టుకోకుండా ఇక్సీకే వెళ్లడం మేలు.

చికిత్సకు చెన్నై బండెక్కే ముందు ఒక్కటి చూసుకోండి. ఈమధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే మూడు నెలలాగి వీర్యపరీక్ష మళ్లీ చేయించండి. కొత్త కణాలు తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది.