బడిలో పోలీసా, పోలీసు చెప్పే పాఠమా: గ్రాంటు డబ్బుకు ఏది మేలు?

అమెరికాలో పిల్లలు నేరాల వైపు పోకుండా చూడటానికి లోకల్ పోలీసు శాఖలకు ఫెడరల్ గ్రాంట్లు వస్తుంటాయి. తలుపు తాళాలు, అలారాల లాంటి వాటికి వేరే పద్దు ఉంది, దాని జోలికి పోవడం లేదు. అసలు తేల్చుకోవాల్సింది ఇది: బడిలోనే ఒక ఆఫీసరును ఉంచాలా, లేక ఆఫీసరు వచ్చి పాఠం చెప్పి వెళ్తే చాలా?

ఆఫీసరును పెట్టుకోవడానికి కాప్స్ ఆఫీసు (లోకల్ పోలీసులకు గ్రాంట్లిచ్చే ఫెడరల్ న్యాయశాఖ విభాగం) హైరింగ్ గ్రాంటు ఉంది. ఇటీవలి ఏళ్లలో జీతభత్యాల్లో 75 శాతం దాకా, ఒక్కో పోస్టుకు మూడేళ్లకు గరిష్ఠంగా 1,25,000 డాలర్లు ఇస్తున్నారు. మిగతాది ఊరే పెట్టుకోవాలి. పైగా గ్రాంటు ముగిశాక ఇంకో ఏడాది ఆ పోస్టు తీసేయకూడదు. కేంద్రం డబ్బు కదా అని చప్పట్లు కొట్టిన సిటీ కౌన్సిల్‌కు నాలుగో ఏడు బడ్జెట్‌లో తెలిసొస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు టెన్షన్ పెట్టేది టెక్సస్ లెక్క. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మన తెలుగు పిల్లలు చదివేదీ ఆ రాష్ట్రంలోనే. అక్కడ ఇలాంటి గ్రాంట్లు అందుకున్న చోట్ల ఏం జరిగిందో ఎమిలీ వైస్‌బర్స్ట్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2019లో ప్రచురించారు. మిడిల్ స్కూల్లో క్రమశిక్షణ చర్యలు 6 శాతం పెరిగాయి, హైస్కూల్ పూర్తిచేసేవాళ్లు సుమారు 2.5 శాతం తగ్గారు. ఏడో తరగతి పిల్లలిద్దరు లాకర్ల దగ్గర తోసుకుంటే టీచరు ప్రిన్సిపల్ గదికి పంపుతారు. అక్కడ యూనిఫాంలో పోలీసు ఉంటే అదే గొడవ పోలీసు రిపోర్టు కావచ్చు. అలాగని ఆఫీసరు దండగని అనను, బడిలో కొట్లాటలు కొంత తగ్గుతాయని వేరే పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక పాఠం సంగతి. 1991లో ఫీనిక్స్‌లో మొదలైన గ్రేట్ (G.R.E.A.T.) అనే కార్యక్రమంలో పోలీసులు మిడిల్ స్కూల్ పిల్లలకు గ్యాంగుల్లో చేరకుండా ఉండటం నేర్పుతారు. మొదటి పెద్ద మూల్యాంకనంలో ఫలితం నిరాశే: గ్యాంగుల్లో చేరడం తగ్గలేదు. నిర్వాహకులు బుకాయించలేదు, సిలబస్ తిరగరాసి 13 పాఠాలు చేశారు. డాలస్-ఫోర్ట్‌వర్త్ సహా ఏడు చోట్ల మళ్లీ పరీక్షిస్తే, ఏడాది తర్వాత పాఠాలు విన్న పిల్లలు గ్యాంగులో చేరే అవకాశం విననివాళ్లకంటే 39 శాతం తక్కువని తేలింది. నాలుగేళ్ల లెక్కలో ఆ తేడా 24 శాతానికి దిగింది. అయినా తక్కువేం కాదు.

అలాగని పోలీసు చెప్పే ప్రతి పాఠమూ పనిచేయదు. 1983లో మొదలైన డేర్ (D.A.R.E.) పేరుతో డ్రగ్స్ వద్దనే పాఠాలు దేశమంతా చెప్పారు, ఆ పాత సిలబస్ వల్ల డ్రగ్స్ వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

మిడిల్ స్కూలైతే నా ఓటు పాఠానికే. కొట్లాటలు నిత్యం జరిగే హైస్కూలైతే ఆఫీసరును పెట్టుకోవచ్చు, కానీ మామూలు అల్లరి ప్రిన్సిపల్ చూసుకుంటారు, పోలీసు కలగజేసుకోరు అని ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.