అట్టపెట్టెతో ఆవిరియుగపు టోపీ: విశాఖలో ఒక శిక్షణ తరగతిపై సమీక్ష

లాసన్స్ బే కాలనీలో ఒక ఇంటి మేడ మీద నడిచే హస్తకళల స్టూడియోవారు, ఇంట్లో పారేసే వస్తువులతో స్టీంపంక్ టోపీ తయారుచేయడం నేర్పుతామని ప్రకటించారు. ఆదివారం ఉదయం పది గంటలకు మొదలై మధ్యాహ్నం రెండింటికి ముగిసే ఈ తరగతికి మనిషికి 900 రూపాయలు తీసుకుంటున్నారు. పన్నెండేళ్లు దాటిన పిల్లలను పెద్దల తోడుంటే అనుమతిస్తున్నారు. టోపీ ఆకారాన్ని నిలబెట్టడంలో వారు చూపిన నేర్పుకు ఆ రుసుము ఎక్కువేమీ కాదు. అయితే పారేసే వస్తువులతోనే చేయిస్తామన్న మాటను మాత్రం వారు సగంలోనే వదిలేశారు.

స్టీంపంక్‌తో పరిచయం లేనివారి కోసం ఒకటి రెండు మాటలు చెప్పాలి. విక్టోరియా రాణి పాలించిన 1837–1901 నాటి ఇంగ్లండు వేషభాషలను, ఆనాటి ఆవిరియంత్రాలను ఆధారంగా తీసుకుని, లోకం పెట్రోలు వైపు, విద్యుత్తు వైపు మళ్లకుండా ఆవిరి మీదే ముందుకు సాగి ఉంటే ఎలా ఉండేదో ఊహించే కల్పనాధోరణి ఇది. 1987లో ఒక అమెరికన్ రచయిత పత్రికకు రాసిన లేఖలో ఈ పేరు పుట్టింది. తర్వాత కథల నుంచి దుస్తులకు, నగలకు, టోపీలకు పాకింది. ఎత్తయిన నల్ల టోపీ, దాని చుట్టూ తోలు పట్టీ, పట్టీ మీద ఇంజనులో పనిచేసేవాళ్లు పెట్టుకునే తరహా గుండ్రటి కళ్లద్దాలు, ఇత్తడి రంగు పళ్లచక్రాలు దాని సాధారణ రూపం. బోధకురాలు ఇందుకు విదేశీ బొమ్మలను కాక, ఆర్కే బీచ్‌లోని కురుసురా జలాంతర్గామి లోపల తాను తీసిన ఫోటోలను చూపించడం నాకు ఎంతో నచ్చింది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి తప్పుకుని, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఆ జలాంతర్గామి డీజిలుతో, బ్యాటరీలతో నడిచినదే తప్ప ఆవిరితో నడిచినది కాదు. అయినా దాని గోడల నిండా అల్లుకున్న గొట్టాలను, చేత్తో తిప్పే వాల్వులను, గుండ్రటి మీటర్లను చూసినవారికి టోపీ మీద ఏది ఎక్కడ ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు పని అట్టతో మొదలవుతుంది. ఆన్‌లైన్ సరుకులు వచ్చే పెట్టెలను విప్పి బల్లల మీద ముందే పరిచి ఉంచారు. దర్జీ టేపుతో నుదుటి మధ్య నుంచి చెవులకు కాస్త పైగా తల చుట్టుకొలత తీయించారు. ఇంట్లో సొంతంగా చేసేవారు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే చుట్టుకొలత తెలియగానే దానికి సరిపడే వృత్తం గీసేస్తారు. మనిషి తల గుండ్రంగా ఉండదు, ముందు నుంచి వెనక్కి పొడవుగా ఉంటుంది. గుండ్రటి రంధ్రమున్న టోపీ నుదుటి మీద నొక్కుకుంటూ, చెవుల పక్కన సందు వదులుతుంది. 57 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 16.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘవృత్తం సరిపోతుందని, లోపల అస్తరు గుడ్డ కోసం చుట్టూ మరికాస్త వదలాలని ఆమె లెక్క వేసి చూపించారు. దాన్ని గీయడానికి 11 సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, మొత్తం 31 సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న దారపు ముడిని వాటి చుట్టూ వేసి, పెన్సిలుతో బిగువుగా లాగుతూ తిప్పించారు. పదో తరగతి చదివే పిల్లవాడొకడు ఈ పద్ధతిని వాళ్ల నాన్నగారికి వివరిస్తుంటే వినడం ముచ్చటేసింది.

అట్టను చుట్టే పద్ధతిలో కూడా వారి అనుభవం కనిపించింది. ముడతల అట్టను గొట్టంగా చుట్టేటప్పుడు లోపలి గీతలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే అట్ట వంపు తిరగకుండా ఎక్కడికక్కడ విరిగి పలకలు తేలుతుంది. టోపీ అంచుకు రెండు పొరలు తీసుకుని, ఒకదాని గీతలకు రెండోదాని గీతలు అడ్డంగా వచ్చేలా అతికిస్తే అంచు వాలకుండా నిలుస్తుంది. గొట్టం కింది భాగంలో రెండు సెంటీమీటర్ల లోతున గాట్లు పెట్టి, ఆ నాలుకలను బయటికి మడిచి, అంచు రెండు పొరల మధ్య ఇరికించి అతికించమన్నారు. అతుకు బయటికి కనిపించదు, టోపీని అంచు పట్టుకుని ఎత్తినా ఊడిరాదు. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే టోపీ కావాలన్నవారికి నిటారు పట్టీకి బదులు చాపం ఆకారంలో ముక్క కోయించారు. తరగతిలో ఈ భాగానికి వంక పెట్టడానికేమీ లేదు.

ఆ తర్వాతి దశలో సమయం చాలలేదు. అట్ట గీతలు కనబడకుండా పైన వార్తాపత్రిక ముక్కలు అతికించాలి. మైదా ఉడకబెట్టిన జిగురులో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదన్నది పుస్తకాలు బైండు చేసేవారికి తెలిసిన పాత పద్ధతే. అది విషం కాబట్టి, పిల్లలున్నారని దాన్ని పక్కనపెట్టి నీళ్లు కలిపిన ఫెవికాల్ వాడించారు, ఆ జాగ్రత్త మెచ్చదగినదే. కానీ సముద్రం పక్కన ఇంత తేమ ఉన్న ఊళ్లో మూడు పొరల తడికాగితం ఒక పూటలో ఎలా ఆరుతుంది? హెయిర్ డ్రయర్లు పెట్టి పైపొరను ఆరబెట్టి, లోపల పచ్చిగా ఉండగానే నల్లరంగు వేయించారు. నా టోపీ మీద రంగు ఇంటికి వచ్చాక బుడగలు తేలింది, అంచు ఒక పక్కకు కొద్దిగా వాలింది. అట్టపని ఒక ఆదివారం, రంగులు, అలంకరణ మరో ఆదివారం పెడితే ఈ ఇబ్బంది ఉండదు. అందుకు మరో రెండు వందలు అడిగినా ఎవరూ కాదనరు.

ఇక అలంకరణ దగ్గరికి వస్తే, నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే ఉంది. అందరికీ తలా ఒక పొట్లం ఇచ్చారు, అందులో దుకాణంలో కొన్న కొత్త లోహపు పళ్లచక్రాలు, రెక్కలు, తాళంచెవి బొమ్మలు ఉన్నాయి. ఫలితంగా బల్ల మీద వరుసగా పెట్టిన టోపీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపించాయి. అదే గదిలో ఒక మూల ప్లాస్టిక్ డబ్బా నిండా విప్పిన టేపురికార్డరు చక్రాలు, అలారం గడియారం లోపలి భాగాలు, పగిలిన కంప్యూటరు సీడీ డ్రైవులు, పాత గాజులు ఉన్నాయి. ఎవరో అడిగేదాకా ఆ డబ్బా మూత తెరవలేదు. తెరిచాక మాత్రం తరగతికి ప్రాణం వచ్చింది. నాలుగేసి ప్లాస్టిక్ గాజులను ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తే కళ్లద్దాల చట్రం తయారైంది. కూల్‌డ్రింకు సీసా నుంచి కోసిన ముక్క అద్దమైంది. చినిగిన హ్యాండ్‌బ్యాగు రెక్సిన్ పట్టీ అయింది. పాడైపోయిన హ్యాండ్‌షవరు స్టీలు పైపు ముక్కను ఒకరు టోపీ పక్క నుంచి వెనక్కి తిప్పి బిగించారు. అన్నిటికంటే గొప్పది ఒక గృహిణి సంచిలోంచి తీసిన పాత కుక్కరు విజిల్. టోపీ నడినెత్తిన దాన్ని నిలబెట్టగానే అందరూ నవ్వారు గానీ, ఆలోచిస్తే ఆ గదిలో ఆవిరితో నిజంగా పనిచేసిన వస్తువు అదొక్కటే. లోపలి ఒత్తిడి తన బరువును మించినప్పుడు లేచి ఆవిరిని వదిలే ఆ చిన్న లోహపు ముక్క ముందు, పొట్లంలోని రెక్కలూ తాళంచెవులూ వెలవెలబోయాయి.

పళ్లచక్రాల అమరిక గురించి ఒక చిన్న చర్చ కూడా జరిగింది. నమూనా టోపీ మీద మూడు చక్రాలను త్రికోణంలో, ప్రతిదీ మిగతా రెండింటితో పళ్లు కలిసేలా అతికించి ఉంచారు. షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు దాన్ని తిప్పి తిప్పి చూసి, “అమ్మా, పక్కపక్క చక్రాలు ఎదురెదురుగా తిరగాలి కదా, మూడూ ఇలా కలిస్తే ఏదీ కదలదు” అన్నారు. “అలంకారానికే కదండీ” అని బోధకురాలు అన్నా, మరుక్షణం ఒక చక్రాన్ని ఊడదీసి వరుసగా అతికించారు. నన్నడిగితే పెద్దాయన మాటే సరైనది. తిరగకపోయినా తిరగగలదనిపించే అమరికలోనే ఈ టోపీ అందం ఉంది.

రంగుల విషయంలో వారు నేర్పిన ఒక కిటుకు తప్పక చెప్పాలి. నల్లరంగు ఆరాక, కుంచెను రాగిరంగులో ముంచి, దాదాపు అంతా పాత పేపరు మీద తుడిచేసి, ఆ పొడి కుంచెను ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రమే తేలిగ్గా రాస్తే ప్లాస్టిక్ మూత కూడా అరిగిపోయిన లోహంలా కనిపిస్తుంది. గ్లూ గన్‌తో అంచు వెంట వరుసగా చుక్కలు పెట్టి, వాటి మీద ఇదే రంగు రాస్తే రివెట్లు, అంటే లోహపు రేకులను కలిపి బిగించే గుండ్రటి తల మేకులు, సిద్ధం. రివెట్లకు శనగపప్పు బద్దలు కూడా వాడవచ్చని ఆమె అన్నారు గానీ, వానాకాలంలో ఆ టోపీని అల్మరాలో పెట్టాలంటే మాత్రం నాకు ధైర్యం చాలదు. గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి, ఎండలో నిలిపిన కారులో టోపీని వదిలేయవద్దన్న హెచ్చరిక కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. పిల్లల చేతికి గ్లూ గన్ ఇచ్చినప్పుడు ఒక సహాయకురాలు పక్కనే నిలబడ్డారు, చల్లటి నీళ్ల గిన్నె కూడా అందుబాటులో ఉంచారు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. పొట్లాలు మానేసి ఆ డబ్బాను మొదట్లోనే తెరిస్తే నాలుగున్నరకు వెనుకాడను. చేరదలచినవారు టోపీ పూర్తిగా ఆరేదాకా దానికి నల్లరంగు వేయించుకోకుండా, రంగు చిన్న సీసాలో అడిగి తెచ్చుకోవడం మంచిది, అడిగితే ఇస్తున్నారు. ఇంట్లో అటక మీద ఆగిపోయిన గడియారం, తెగిన బెల్టు, జత పోయిన గాజులు ఏమున్నా సంచిలో వేసుకెళ్లండి. కుక్కరు విజిల్ పట్టుకెళ్లేవారు మాత్రం అది వాడకంలో లేనిదేనని ఇంట్లో ఒకసారి అడిగి తీసుకెళ్లండి.