గండికోట ఎర్రబండ, బెలుం నాపరాయి

గండికోట, బెలుం గుహలు ఒకే ప్రయాణంలో కలిపి చూడదగ్గవి. రెంటికీ మధ్య దూరం 60 కిలోమీటర్లకు అటూఇటూ. ఒకచోట రాయి విరుగుతుంది, రెండోచోట కరుగుతుంది. సాయంత్రానికి గండికోట చేరి, రాత్రి ఉండి, తెల్లవారి ఎండ ముదరక ముందే లోయ చూసుకుని బెలుం బయల్దేరడం మేలు.

గండికోటలో లోతు తవ్వింది పెన్న నది. గోడల్ని విడగొడుతున్నది మాత్రం శిలా శైథిల్యం, అంటే రాయి ఉన్నచోటే మెల్లగా పగిలి సడలిపోవడం. ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన ఇక్కడి క్వార్ట్‌జైట్ పొరలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. వాటిని నిలువు పగుళ్లు కోస్తాయి కాబట్టి కొండంతా పెట్టెలు పేర్చినట్టు కనిపిస్తుంది. పగుళ్లలోకి వాననీరు, మట్టి దిగుతాయి, చెట్ల వేళ్లు దూరి సందును వెడల్పు చేస్తాయి. కింది పొర జారితే పైపెట్టె లోయలో పడుతుంది. ఈ రాయిలోని క్వార్ట్‌జ్ ఖనిజం నీటికి దాదాపుగా లొంగదు, అందుకే రాళ్ల అంచులు అంత పదునుగా మిగిలాయి. బండల ఎరుపు, వాటిలోని ఇనుము ఇచ్చిన రంగు. పాఠ్యపుస్తకాల్లో చెప్పే, పగుళ్లలో నీరు గడ్డకట్టి రాయిని చీల్చే పద్ధతి రాయలసీమలో కుదరదు. ఇక్కడ నీరు గడ్డకట్టేదెప్పుడు?

ఈ సంగతి తెలిస్తే ఎక్కడ నిలబడాలో కూడా తెలుస్తుంది. అంచు బండ ఎక్కే ముందు దాని వెనక చూడండి. చెయ్యి దూరేంత సందు ఉంటే ఆ బండ కొండకు అంటుకుని లేదని అర్థం. లోతు 300 అడుగుల దాకా ఉంటుంది, అంచు పొడవునా కంచె ఆశించవద్దు. వాన పడ్డాక నాచుబండల మీద మామూలు చెప్పులు నిలవవు.

బసకు పర్యాటక శాఖ హరిత హోటల్ నయం, పిల్లలూ పెద్దలూ ఉంటే మరీను. కోట దగ్గర గుడారాలూ అద్దెకిస్తారు. డబ్బు కట్టే ముందు మరుగుదొడ్డి, నీళ్లు చూసుకోండి. బండ మీద మేకులు దిగవు, గాలి గట్టిగా వీస్తే గుడారం లేచిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు కాగిన బండ రాత్రంతా సెగ కక్కుతుంది, ఆ రోజుల్లో వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో లాడ్జీలున్నాయి. అక్కణ్ణుంచి ఆటోకైతే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి ముందే మాట్లాడుకోవాలి.

ఇక బెలుం. వంటగట్టు మీద కడప బండ ఉన్నవాళ్లకు ఈ గుహ రహస్యం సగం తెలుసు: నిమ్మరసం ఒలికిన చోట నునుపు పోతుంది. గుహ ఉన్నదీ ఆ జాతి సున్నపురాయిలోనే. వాననీరు గాలిలో, మట్టిలో బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని పలచటి ఆమ్లమవుతుంది. పగుళ్ల వెంట దిగి రాయిని కరిగిస్తూ పోతుంది. పెట్టెల్లా విరిగిన గండికోట చూసి వచ్చిన కంటికి ఇక్కడి గుండ్రటి గోడలు, గిన్నె బోర్లించినట్టున్న కప్పు గుంటలు వెంటనే తేడా చెబుతాయి. కప్పు నుంచి జారే బొట్టులోని వాయువు తప్పించుకున్నప్పుడు కరిగిన సున్నం మళ్లీ గడ్డకడుతుంది. గుహలో కోటిలింగాలు అనే చోట వేలాడే ఊడలన్నీ అలా పెరిగినవే. వాటిని తాకవద్దు, చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు.

గుహ కొలిచిన పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అట్టడుగున పాతాళగంగ అనే నీటిపాయ 46 మీటర్ల లోతున ఉంది. దీపాలు, గాలి పంపే గొట్టాలు ఉన్నా ఉక్క తప్పదు, కళ్లద్దాలు మసకబారతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు పాతాళగంగ దాకా దిగకపోయినా నష్టం లేదు, మొదటి మంటపాల్లోనే నీరు చేసిన అసలు పని కనిపిస్తుంది. తెరవగానే వెళ్తే గుంపు తప్పుతుంది. రెండు గంటలు చాలు. భారీ వానలు పడితే గుహలోకి నీరు చేరుతుంది కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తిరుగు రైలుకు తాడిపత్రి దగ్గర, దాదాపు 30 కిలోమీటర్లు. దారి పొడవునా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి.