ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కేక్: 40 గదుల హాస్టల్లో ఆరు నెలల అనుభవం

మా హాస్టల్లో వైఫై ఆగితే అందరూ తట్టేది నా గది తలుపే. నెట్ చూసుకుంటానని ఒప్పుకున్న పాపం. 100 ఎంబీపీఎస్ లైను ఒకటి, గదులు 40. రాత్రి పది దాటితే వీడియో కాల్‌లో అవతలి మనిషి నోరు తెరిచి బొమ్మలా ఉండిపోయేవాడు. విసుగొచ్చి రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన ఉచిత లైనక్స్ సాఫ్ట్‌వేర్) వేసి, అందులో క్యూలను అదుపు చేసే ఎస్‌క్యూఎంలో కేక్ పెట్టాను. లైన్లో ఎవరికెంత వాటా దక్కాలో చూసే ప్రోగ్రామ్ ఇది.

కేక్ 2018లో లైనక్స్ 4.19తో కెర్నల్లోకి, అంటే లైనక్స్ గుండెకాయలోకి వచ్చింది. ఇందులో వాటాలు కనెక్షన్ల లెక్కన కాకుండా డివైజ్‌ల లెక్కన వేయొచ్చు. పక్క గదివాడి టోరెంట్ 40 కనెక్షన్లు తెరుస్తుంది, నాది ఒక్క కాల్. లైన్లో మేమిద్దరమే ఉన్నామనుకోండి. కనెక్షన్ల లెక్కన అయితే అతనికి 40 వాటాలు, నాకొకటి. డివైజ్ లెక్కన చెరిసగం. నా కాల్‌కి సగం అక్కర్లేదు కాబట్టి మిగిలింది మళ్లీ అతనికే పోతుంది. పాపం, అతనికి తేడా తెలిసినట్టే లేదు.

మొదటి వారం మాత్రం ఏ మార్పూ లేదు. తప్పు నాదే, 'నాట్' అన్న మాట రాయడం మరిచాను. రౌటర్ బయటికి పంపేటప్పుడు అందరి అడ్రస్‌లనూ ఒకటే అడ్రస్‌గా మారుస్తుంది; ఆ మార్పు వెనకున్న అసలు అడ్రస్ చూడమని కేక్‌కి చెప్పేది ఆ మాటే. అది లేకపోతే బయటి పోర్టు దగ్గర కూర్చున్న కేక్‌కి అందరూ ఒకే అడ్రస్‌తో కనిపిస్తారు. ఇంక ఎవరికని పంచుతుంది? డౌన్‌లోడ్‌కి 'నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్' (అందుకునే డివైజ్ లెక్కన), అప్‌లోడ్‌కి 'నాట్ డ్యూయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్' (పంపే డివైజ్ లెక్కన) అని కొట్టాక దారికొచ్చింది. స్పీడు 100కి బదులు 90 రాశాను, డేటా ప్యాకెట్ల క్యూ ప్రొవైడర్ దగ్గర కాకుండా మన రౌటర్లోనే నిలబడాలని. అప్పుడే కేక్ దాన్ని పంచగలదు. ఆ 10 వదులుకోవడానికి మనసొప్పలేదు కానీ తప్పలేదు. ప్రాసెసర్ కూడా గట్టిది కావాలి. పాత రౌటర్ ఈ బరువు మోయలేక చేతులెత్తేసింది.

గాలిలో జరిగే అన్యాయానికి మాత్రం కేక్ మందు కాదు. పై అంతస్తు చివరి గదిలో ఓ పాత ఫోను 1 ఎంబీపీఎస్‌కి దిగిపోయి వేలాడేది. 1500 బైట్ల ప్యాకెట్‌కి ఆ స్పీడులో 12 మిల్లీసెకన్లు పడుతుంది. 54 ఎంబీపీఎస్‌లో అయితే పావు మిల్లీసెకను కూడా పట్టదు. వైఫై అందరికీ సమానంగా ఇచ్చేది ఛాన్సు, టైమ్ కాదు. ఆ ఫోను మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ఎయిర్‌టైమ్ (గాలిలో ఎవరెంతసేపు మాట్లాడాలన్నది) పంచడం వైఫై డ్రైవర్ పని, అంటే వైఫై చిప్‌ని నడిపే ప్రోగ్రామ్ పని. అదైనా యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పంపే ప్యాకెట్లనే సరిగా అదుపు చేయగలదు, ఫోను పైకి పంపేవాటిని అంతగా కాదు. చివరికి వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో పాత 802.11బీ రేట్లకి (1 నుంచి 11 ఎంబీపీఎస్ దాకా ఉండే పాత వైఫై స్పీడులకి) టిక్ తీసేశాను. కింది మెట్టు 6 ఎంబీపీఎస్ అయింది, మిగతా గదులు ఊపిరి పీల్చుకున్నాయి.

ఆ గదివాడికి మాత్రం మంచం దగ్గర సిగ్నల్ పోయింది. వరండాలో కుర్చీ వేసుకుని మాట్లాడుతున్నాడు. అక్కడో యాక్సెస్ పాయింట్ పెట్టిస్తానని మాటిచ్చాను, ఇంకా పెట్టలేదు.