లేజర్ పౌడరా, ఆర్క్ వైరా, సిమ్యులేషనా: మెటల్ త్రీడీ ప్రింటింగ్ రీసెర్చ్‌కి ఏది మేలు?

మెకానికల్‌లో పీజీ చేస్తూ మెటల్ త్రీడీ ప్రింటింగ్ వైపు రావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ మెటీరియల్ తీసుకోవాలని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: నెలకి ఎన్ని ప్రయోగాలు చెడగొట్టుకుని మళ్లీ చేసుకోగలరు? థీసిస్ గడువులోపు తేలుతుందా లేదా అన్నది చాలావరకు దీనిమీదే ఉంటుంది.

లేజర్ పౌడర్ బెడ్ మీదే అందరి కన్నూ. 15 నుంచి 45 మైక్రాన్ల పౌడర్‌ని 30 మైక్రాన్ల పొరగా పరిచి, లేజర్‌తో కరిగించి, ప్లేటు కాస్త దింపి మళ్లీ పరవడం. 60 మిల్లీమీటర్ల ఎత్తు కడ్డీకి 2,000 పొరలు. పొర పరవడానికి పది సెకన్లేసుకున్నా, లేజర్ వెలగని సమయమే ఐదున్నర గంటలు. ఆ తర్వాత పౌడర్ దులపాలి, జల్లెడ పట్టాలి, స్ట్రెస్ రిలీఫ్ (వేడిచేసి లోపలి ఒత్తిళ్లు తగ్గించడం) చేయాలి, ప్లేటు నుంచి ముక్కని విద్యుత్ రవ్వలతో కోసే వైర్ ఈడీఎం దగ్గర వంతు కోసం ఆగాలి. తొందరపడి స్ట్రెస్ రిలీఫ్ ఎగ్గొడితే, సన్నపాటి పొడవు ముక్క కోత సగంలో ఉండగానే విల్లులా పైకి లేస్తుంది. మెటీరియల్ మార్చాలంటే మెషిన్ మూలమూలా తుడవాలి. మిగిలిపోయిన ఉక్కు రేణువు టైటానియంలో కలిస్తే పదేపదే లోడ్ వేసే ఫెటీగ్ టెస్టులో పగులు అక్కడ మొదలవచ్చు. అల్యూమినియం, టైటానియం పౌడర్ అంటుకుంటే నీళ్లు పోయకూడదు, లోహపు మంటల కోసం ఉన్న క్లాస్ డి ఎక్స్‌టింగ్విషరే వాడాలి.

ఇంత చాకిరీకీ ఫలితం ఉంది. టైటానియం 6-4 అనే మిశ్రమలోహానికి లేజర్ పవర్ 280 వాట్లు, సెకనుకి 1,200 మిల్లీమీటర్లు, గీతల మధ్య 0.14 మిల్లీమీటర్లు, పొర 0.03 అనుకోండి. పవర్‌ని మిగతా మూడింటి లబ్ధంతో భాగిస్తే ఘన మిల్లీమీటరుకి సుమారు 55.6 జౌల్స్. ఇదే ఎనర్జీ డెన్సిటీ. పవర్, వేగం రెండూ సగం చేసినా అంకె అదే, మెల్ట్ పూల్ (లేజర్ కింద కరిగిన లోహపు మడుగు) మాత్రం అదే కాదు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే: ఎనర్జీ డెన్సిటీ ఒక్కటే ఎక్స్ అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీసేస్తారు. అసలు సంగతి మైక్రోస్కోప్ కింద తెలుస్తుంది. వంకరటింకరగా ఉండి, లోపల కరగని పౌడర్ గుండ్లు కనిపించే ఖాళీ అయితే శక్తి చాలలేదు. మెల్ట్ పూల్ అడుగున గుండ్రటి రంధ్రమైతే లేజర్ తవ్విన ఆవిరి గుంట కూలి గ్యాస్ చిక్కుకుంది. మరీ చిన్న గుండ్రటి చుక్కలైతే పౌడర్ రేణువులోనే ఉండిపోయిన ఆర్గాన్ కావచ్చు, దానికి లేజర్‌ని తిట్టి లాభం లేదు. పాలిషింగ్ సరిగా లేకపోతే ఇదంతా వృథా: మెత్తటి అల్యూమినియం అరిగి రంధ్రాల మీద పూతలా పరుచుకుంటుంది, 99.9 శాతం డెన్సిటీ వచ్చిందని సంబరపడతారు.

ఆర్క్ వైర్ పద్ధతి చూడ్డానికి మోటుగా ఉంటుంది. రోబో చేతికి మిగ్ వెల్డింగ్ టార్చ్, 1.2 మిల్లీమీటర్ల వైరు, కింద బిగించిన మందపాటి ప్లేటు, అంతే. వైరు నిమిషానికి 5 మీటర్లు వస్తే గంటకి 2.6 కిలోల పైచిలుకు ఉక్కు పడుతుంది. టార్చ్ నిమిషానికి 500 మిల్లీమీటర్లు కదిలితే ఒక్కో బీడ్ (గీతలా పడ్డ లోహం) అడ్డుకోత సుమారు 11 చదరపు మిల్లీమీటర్లు. ఉదయం కట్టిన గోడ సాయంత్రానికి రంపం కింద ఉంటుంది, తప్పు తెలిస్తే మర్నాడే ఇంకోటి కట్టొచ్చు. చిక్కులూ అంతే పెద్దవి: గోడ మొదట్లో ఉబ్బు, చివర్లో జారుడు. పొరపొరకీ దిశ తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. పొర చల్లారేదాకా, ఉదాహరణకి 150 డిగ్రీలకి దిగేదాకా, ఆగకపోతే పైకి పోయేకొద్దీ గోడ లావెక్కుతుంది. క్లాంప్‌లు విప్పగానే ప్లేటు వంగుతుంది, కాబట్టి విప్పకముందూ విప్పాకా కొలవండి. ఆ తేడాయే ఒక చాప్టర్‌కి సరుకు. సన్నని జాలీ నిర్మాణాలు మాత్రం దీంతో కుదరవు.

సిమ్యులేషన్‌కి పౌడర్, గ్యాస్, వంతు గొడవల్లేవు. కానీ ఒక మిల్లీమీటరు ట్రాక్ చుట్టూ 1 × 0.5 × 0.3 మిల్లీమీటర్ల డబ్బాని 10 మైక్రాన్ల మెష్‌తో (లెక్క కోసం చేసే చిన్న గళ్లతో) నింపితేనే లక్షా యాభై వేల ఎలిమెంట్లు. పార్ట్ మొత్తం అలా చేయలేక చిన్న భాగంలో తేలిన స్ట్రెయిన్‌ని పార్ట్ మొత్తానికి వాడే ఇన్‌హెరెంట్ స్ట్రెయిన్ లాంటి దగ్గరి దారులు పడతారు. ఇబ్బంది పెట్టేది అబ్సార్ప్టివిటీ, అంటే లేజర్ శక్తిలో లోహం పీల్చుకునే వంతు: మామూలుగా 0.3 దరిదాపుల్లో ఉండేది, ఆవిరి గుంట ఏర్పడ్డాక 0.7 కూడా దాటొచ్చు. దాన్ని అటూ ఇటూ జరిపి మెల్ట్ పూల్ వెడల్పు కలిపేస్తారు, లోతు కలవదు. కొలతలు ఇచ్చే తోడు లేకుండా ఈ దారి పట్టొద్దు. కనీసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018 నుంచి బయటపెడుతున్న ఏఎం-బెంచ్ కొలతలతోనైనా సరిచూడండి.

రెండేళ్ల కోర్సుకి మా ఓటు ఆర్క్ వైరుకే, పక్కన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) కొలతలతో సరిచూసిన ఒక చిన్న థర్మల్ మోడల్. నాలుగైదేళ్ల పీహెచ్‌డీకి పౌడర్ బెడ్ మేలు, అయితే గైడ్‌ని రెండు అడిగాకే: పారామీటర్లు మార్చే లైసెన్స్ మెషిన్‌కి ఉందా, గత ఆరు నెలల లాగ్‌బుక్ చూడొచ్చా? లాక్ చేసిన సెట్టింగులతో ప్రాసెస్ రీసెర్చ్ సాగదు. నెలకి రెండు బిల్డ్‌లే కనిపిస్తే మీ వంతుకి ఎన్ని వస్తాయో అర్థమైపోతుంది.

పౌడర్ బెడ్ ఖాయమైతే మొదటి వారం పౌడర్ ముట్టుకోకండి. ఖాళీ ప్లేటు మీద ఐదు పవర్లు, ఐదు వేగాలు, మొత్తం 25 గీతలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. అడ్డంగా కోసి, పాలిష్ చేసి, రసాయనంతో ఎచ్ చేసి వెడల్పు, లోతు కొలవండి. లోతు వెడల్పులో సగం దాటడం ఏ గీత దగ్గర మొదలైందో, ఆవిరి గుంటల బెడద ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది.