కాఫీ పట్టించి అమ్మిన కంప్యూటర్: విశాఖలో హ్యాకింటాష్ కొనబోయేవారికి హెచ్చరిక

‘అచ్చం మ్యాక్‌లాగే పనిచేస్తుంది సార్, ధర మాత్రం సగం’ అనే మాట విని విశాఖలో ఎవరైనా హ్యాకింటాష్ (యాపిల్‌ది కాని మామూలు కంప్యూటర్‌లో యాపిల్ వారి మ్యాక్‌ఓఎస్ ఎక్కించినది) కొనబోతుంటే, డబ్బు చేతిలో పెట్టే ముందు ఒక్క పని చేయండి. దుకాణంలోనే, అమ్మే మనిషి ఎదుటే, ఆ కంప్యూటర్‌ను నిద్రపుచ్చి (స్లీప్‌లో పెట్టి) మళ్లీ లేపమనండి. నేను ఆ పని చేయలేదు. 62,000 రూపాయలు ఇచ్చి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి మరీ ఎంవీపీ కాలనీకి తెచ్చుకున్నాను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2024 ఆషాఢంలో సంగతి ఇది. శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోగా కొత్త యంత్రం కావాలి, చేతులేమో యాపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రోకు అలవాటు పడిపోయాయి. డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణం గురించి మా బావమరిది చెప్పాడు. పేరు రాయను. కోర్ ఐ5 10400 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, అందులో మ్యాక్‌ఓఎస్ సొనోమా. భాగాల ఎంపికలో తప్పు పట్టను. పదో తరం ఇంటెల్ ప్రాసెసర్లను యాపిల్ తన 2020 ఐమ్యాక్‌లో వాడింది, ఆర్‌ఎక్స్ 580కి కావలసిన డ్రైవర్లు మ్యాక్‌ఓఎస్‌లోనే ఉన్నాయి. 4కే వీడియో తడబడకుండా ఆడించి చూపించాడు. నాకు కళ్లు చెదిరాయి.

నేను గట్టిగా అడిగింది ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద విరుచుకుపడ్డ రోజు చూసినవాణ్ణి కనుక నాకు కరెంటంటే నమ్మకం లేదు. ఇంట్లో యూపీఎస్ ఉన్నా పట్టుమని పది నిమిషాలే. ‘కరెంటు పోయినా తెరిచి ఉంచిన పని పోకూడదు’ అన్నాను. ‘అందుకే హైబర్నేషన్ పెట్టి ఇస్తున్నాను సార్, నిశ్చింతగా ఉండండి’ అన్నాడు. చేస్తున్న పనంతా డిస్కు మీద దాచి నిద్రపోవడమన్నమాట. నిశ్చింతగా ఉన్నాను.

రెండు వారాల తరువాత ఒక రాత్రి మూడింటికి మంచినీళ్ల కోసం లేస్తే ఎడిటింగ్ గదిలోంచి హోరు వినిపించింది. తెర చీకటిగానే ఉంది. క్యాబినెట్ వెనుక చేయి పెడితే వేడిగాలి కొట్టింది. అంటే ఇన్నాళ్లూ నిద్రపోయింది తెర ఒక్కటే, కంప్యూటర్ కాదు. పొద్దున్నే పై వాటాలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాణ్ణి పిలిచాను. వాడు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ‘పీఎంసెట్ హైఫన్ జీ’ (pmset -g) అని కొట్టాడు. వచ్చిన వరుసల్లో ‘స్లీప్’ అనే మాటకు ఎదురుగా 0 ఉంది, అంటే దానంతటది నిద్రపోవద్దని. ఆ పక్కనే, నిద్రను ‘కెఫినేట్’ అడ్డుకుంటోంది అని ఉంది.

‘అంకుల్, దీనికి కాఫీ పట్టించి ఇచ్చారు’ అన్నాడు వాడు.

కెఫినేట్ అనేది మ్యాక్‌ఓఎస్‌లోనే ఉండే చిన్న సాధనం. పెద్ద ఫైలు ఎగుమతి అవుతున్నప్పుడు మధ్యలో యంత్రం కునుకు తీయకుండా ఆపడానికి వాడతారు. దాన్ని లాగిన్ కాగానే దానంతటదే మొదలయ్యేట్టు నా కంప్యూటర్‌లో పెట్టారు. పొరపాటున జరిగే పని కాదిది. నిద్రపోతే లేవదని తెలిసే, నిద్రే పోకుండా చేసి అమ్మారు. తన్నే గేదెను కాళ్లు కట్టేసి సంతకు తోలినట్టు.

కాఫీ మాన్పించాం. యాపిల్ మెనూలో స్లీప్ నొక్కాను. కాసేపటికి అంతా ఆగిపోయింది, గది నిశ్శబ్దమైంది. మళ్లీ బటన్ నొక్కితే నల్లటి తెర మీద బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) విలువలు పోయాయి, ఎఫ్1 నొక్కండి అన్న సందేశం. నొక్కితే మొదటి నుంచి బూట్ అయింది. తెరిచి ఉంచిన కిటికీల్లో ఒక్కటీ లేదు. పైగా, సమస్య వల్ల మీ కంప్యూటర్ రీస్టార్ట్ అయింది అన్న నోటీసు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘హైబర్నేషన్ పెట్టాను’ అనే మాటతోనే నన్ను ముంచారు. మ్యాక్‌ఓఎస్‌లో హైబర్నేట్‌మోడ్ అనే అమరికకు మూడు విలువలు వాడుకలో ఉన్నాయి. 0 అంటే ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, డిస్కు మీద ఏమీ రాయదు. డెస్క్‌టాప్ మ్యాక్‌లకు మామూలుగా ఉండేది ఇదే. 3 అంటే ర్యామ్‌కు కరెంటూ ఉంటుంది, డిస్కు మీద నకలూ ఉంటుంది, ల్యాప్‌టాప్‌లకు అది. 25 అంటే ర్యామ్‌లో ఉన్నదంతా స్లీప్‌ఇమేజ్ అనే ఫైలులోకి దించి, ర్యామ్‌కు కరెంటు ఆపేయడం. నా దాంట్లో 25 అని అంకె మార్చి వదిలేశారు. అసలు మ్యాక్‌లో అది చాలు. హ్యాకింటాష్‌లో బూట్ చేయించేది ఓపెన్‌కోర్ అనే ప్రోగ్రాం. లేచేటప్పుడు ఆ ఫైలును వెతుక్కోవాలని దానికి విడిగా చెప్పాలి, చాలా బోర్డుల మీద హైబర్నేషన్‌ఫిక్సప్ అనే కెక్స్‌ట్ (మ్యాక్‌ఓఎస్‌కు తగిలించే అదనపు డ్రైవర్ లాంటి ఫైలు) కూడా కావాలి. అవేవీ లేవు. ఇక ఆ ఎఫ్1 గోల, మ్యాక్‌ఓఎస్ రాసే గుర్తులు బయోస్ వాడుకునే ఆర్‌టీసీ (బోర్డులోని గడియారం) మెమరీ స్థానాల మీద పడటం వల్ల. దానికీ ఆర్‌టీసీమెమరీఫిక్సప్ అనే మందుంది. వేయలేదంతే.

దుకాణానికి ఫోను చేస్తే, ‘హైబర్నేషన్ తీసేయండి సార్, 0 పెట్టుకోండి, మామూలు స్లీప్ బ్రహ్మాండంగా ఉంటుంది’ అన్నాడు. కుర్రాడు పరీక్షల హడావిడిలో ఉన్నాడు. నేనే పెద్ద తెలిసినవాడిలా 0 పెట్టి, పెళ్లి వీడియోలున్న బయటి హార్డ్ డిస్కును తగిలించే ఉంచి, స్లీప్ నొక్కి పడుకున్నాను. నాకు అసలు దెబ్బ తగిలింది ఆ రాత్రే.

పొద్దున తెర కుడివైపు ‘డిస్కును సరిగా ఎజెక్ట్ చేయలేదు’ అన్న నోటీసులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. లెక్కపెట్టాను, 14. రాత్రంతా నిద్రలోకి జారడం, ఉలిక్కిపడి లేవడం, ప్రతిసారీ యూఎస్‌బీ తెగిపోవడం. ఆ డిస్కు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది. దానికి జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే పద్ధతి) ఉండదు కాబట్టి రాస్తుండగా తెగితే కోలుకోవడం కష్టం. సింహాచలంలో జరిగిన పెళ్లి అది. రెండో కెమెరా ఫోల్డర్ తెరుచుకోలేదు. ఆ కార్డును అప్పటికే ఫార్మాట్ చేసేశాను. జీలకర్ర బెల్లం మొదటి కెమెరాలో ఉంది గానీ తలంబ్రాలప్పుడు అందులో కనిపించేది పురోహితుడి వీపే. పెళ్లికూతురి తండ్రికి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మిగిలిన డబ్బులు నేనే వద్దన్నాను.

పరీక్షలయ్యాక కుర్రాడు ఓపెన్‌కోర్ అమరికలన్నీ ఉండే ఈఎఫ్‌ఐ ఫోల్డర్ విప్పి చూశాడు. మ్యాక్‌ఓఎస్ ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌కు 15 పోర్టులు మాత్రమే ఒప్పుకుంటుంది, యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కొక్కటీ రెండుగా లెక్క. అందుకే ప్రతి బోర్డుకూ ఏ పోర్టు ఎక్కడుందో పటం గీసి ఇవ్వాలి. గంట పని. నా ఫోల్డర్‌లో పటం ఉంది, కానీ అందులో మోడల్ పేరు ఐమ్యాక్ 19,1 అని రాసి ఉంది. మ్యాక్‌ఓఎస్‌ను నమ్మించడానికి నా కంప్యూటర్ తనను ఐమ్యాక్ 20,1 అని చెప్పుకుంటోంది. పేరు కలవకపోతే ఆ పటం లోడే కాదు. అంటే ఎవరికో చేసిన పాత తరం యంత్రం ఫోల్డర్‌ను తెచ్చి నా దాంట్లో అతికించారు. పోర్టుల పరిమితిని ఎత్తేసే పాత చిట్కాను కూడా టిక్ చేసి ఉంచారు. మ్యాక్‌ఓఎస్ 11.3 నుంచి అది పనిచేయదు.

యూఎస్‌బీటూల్‌బాక్స్ అనే సాధనంతో పోర్టులన్నిటిలో పెన్‌డ్రైవ్ గుచ్చి తీస్తూ కొత్త పటం గీశాం. అయినా రెండు సెకన్లకే లేస్తుంటే, లాగ్‌లో లేవడానికి కారణం ‘ఎక్స్‌హెచ్‌సీ’ అని, అంటే యూఎస్‌బీయే అని కనిపించింది. దానికి, అలా వెంటనే లేవకుండా ఆపే జీపీఆర్‌డబ్ల్యూ ప్యాచ్ వేశాడు. పవర్‌న్యాప్, స్టాండ్‌బై అనే అమరికలను ఆపేశాం. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా ఉంది. హైబర్నేషన్ జోలికి మాత్రం పోలేదు. 0 తోనే ఉంచి, పెద్ద యూపీఎస్ కొన్నాను.

ఇవన్నీ పట్టుకుని దుకాణానికి వెళితే వచ్చిన జవాబు: ‘హ్యాకింటాష్‌లో స్లీప్ ఉండదు సార్, అందరికీ తెలిసిందే.’ అబద్ధం. శ్రద్ధగా అమర్చినది హాయిగా నిద్రపోతుంది, నా బల్ల మీద ఉన్నదే సాక్ష్యం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుదామనుకుని బిల్లు తీశాను. అందులో ‘అసెంబుల్డ్ కంప్యూటర్’ అన్న మాట తప్ప మ్యాక్‌ఓఎస్ ఊసే లేదు. యాపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ కంప్యూటర్లలోనే వాడాలి. అది తెలిసి కొన్నవాణ్ణి, ఎంత గట్టిగా మాట్లాడగలను? అదే ఏడు దీపావళి ముందు ఎం4 మ్యాక్ మినీని 59,900 రూపాయల ధరకు యాపిల్ ప్రకటించింది. ర్యామ్, డిస్కు తక్కువేలెండి, కానీ నిద్రపోతుంది. ‘ఇంకో పదేళ్లు అప్‌డేట్లు వస్తాయి’ అని కూడా నాకు చెప్పి ఉన్నారు. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోయే చివరి వెర్షన్ అని యాపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది.

ఇంత చదివాక కూడా కొంటాను అంటే, బయటి డిస్కు ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. తగిలించి, యాపిల్ మెనూలో స్లీప్ నొక్కించండి. తెర చీకటైతే చాలదు, ఫ్యాన్ ఆగాలి, క్యాబినెట్ వెనుక చేయి పెట్టి చూడండి. టీ తాగి వచ్చి లేపండి. పాట ఒకటి పెడితే వినిపించాలి, డిస్కు గురించి నోటీసు రాకూడదు. ఇలా మూడుసార్లు. ఈఎఫ్‌ఐ ఫోల్డర్ నకలు పెన్‌డ్రైవ్‌లో అడగండి, బిల్లు మీద ‘స్లీప్ పనిచేస్తుంది’ అని రాయించండి. రాయడానికి తటపటాయిస్తే లేచి వచ్చేయండి.

ఇప్పటికే కొని ఉంటే ఇవాళే టెర్మినల్ తెరిచి ఆ ‘పీఎంసెట్ హైఫన్ జీ’ కొట్టి, స్లీప్ వరుస చూడండి. కెఫినేట్ పేరు కనిపిస్తే, దాన్ని తీసేసే ముందు బయటి డిస్కులన్నీ ఎజెక్ట్ చేసి పక్కన పెట్టండి. కార్డులు మాత్రం అప్పుడే ఫార్మాట్ చేయకండి.