అబిసీనియన్ గినియా పిగ్: ఒంటి నిండా సుడులే

మామూలు గినియా పిగ్స్ (పేరుకి పిగ్ అయినా ఎలుక తరహా చిన్న పెంపుడు జంతువులు) చూసినవాళ్లు దీన్ని చూస్తే ముందు నవ్వుతారు, జుట్టంతా అప్పుడే నిద్ర లేచిన పిల్లాడిలా ఎటు పడితే అటు లేచి ఉంటది. ఒంటి నిండా సుడులు. తల మీద రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అంటారు కదా, ఆ లెక్కన దీనికి ఎన్ని చెయ్యాలో మరి, ఎందుకంటే షోలకి తీసుకెళ్లే అబిసీనియన్‌కి కనీసం 8 ఉండాలంట, నడుం చుట్టూ 4, తుంటి మీద 2, ఆ వెనక 2. హైదరాబాద్ పెట్ షాపుల్లో దొరికేవి అంత లెక్కగా ఉండవు, మాదానికి ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ, ఇంట్లో పెంచుకునేదానికి అదేం పట్టింపు కాదు.

జుట్టు బిరుసే కానీ పొట్టి, ఒకటిన్నర అంగుళం ఉంటదేమో. పెరూవియన్ లాంటి పొడుగు జుట్టువి తెచ్చుకుంటే రోజూ దువ్వెన పట్టుకుని కూర్చోవాలి, దీనికి వారానికోసారి బ్రష్ చాలు, ఊరికే స్నానాలు చేయించొద్దు.

ఇక అల్లరి. ఫ్రిజ్ తలుపు తీసినా కొత్తిమీర కవర్ గరగరలాడినా వీక్ వీక్ అని ఒకటే అరుపు, మూడ్ బాగుంటే ఉన్నచోటే గాల్లోకి ఎగిరెగిరి పడతది, దీన్నే పాప్‌కార్నింగ్ అంటారు. కానీ తెచ్చిన రోజే ఒళ్లో కూర్చుంటదని ఆశ పెట్టుకోకండి, మొదట్లో మనిషి నీడ పడినా పరుగే.

తిండిలో ముఖ్యం గడ్డి, పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటయ్ కాబట్టి ఎప్పుడూ నములుతూ ఉండాలి. టిమోతీ హే అనే ఎండుగడ్డి ఇంపోర్టెడ్, పిగ్ కన్నా దాని గడ్డికే ఎక్కువ ఖర్చు అని ముందే తెలుసుకోండి, మేం దాంతోపాటు మందులు కొట్టని చోట కోసిన గరిక కూడా పెడతాం, ఇష్టంగా తింటది. మనలాగే దీని ఒంట్లో విటమిన్ సి తయారవదు, అందుకే రోజూ క్యాప్సికమ్ ముక్క తప్పనిసరి. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ అసలొద్దు.

రేటింగ్‌లో ఒక స్టార్ కట్ చేసింది ఎండాకాలానికి. దీనికి చెమట పట్టదు, 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయమే, మన మే నెల సంగతి చెప్పేదేముంది, పగలంతా ఏసీ గదిలోనో కూలర్ ఉన్న గదిలోనో పెట్టాలి, ఆ కరెంట్ బిల్లు కూడా లెక్కేసుకోండి. 5 స్టార్లకి 4.

షాపుకి మాత్రం 1 ఇచ్చినా ఎక్కువే. ఒంటరిగా ఉండలేవు, జత కావాలంటే రెండూ మగవే అని ఇచ్చాడు, కొన్నాళ్లకి అందులో ఒకటి పిల్లల్ని పెట్టింది! అవి పుట్టడమే కళ్లు తెరుచుకుని, ఒంటినిండా జుట్టుతో పుడతయ్, చూడ్డానికి ముచ్చటే కానీ వాటికి ఇళ్లు వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పైగా అడుగున ఇనుప జాలి ఉన్న ఇరుకు పంజరం అంటగట్టాడు, దాని మీద నడిస్తే పాదాలు పుండ్లు పడతయ్, అడుగు చదునుగా ఉన్నదే తీసుకోండి.

కొనేముందు ఎగ్జాటిక్ పెట్స్ (కుక్కలు, పిల్లులు కాని ఇలాంటి పెంపుడు జంతువులు) చూసే డాక్టర్ దగ్గర్లో ఉన్నారేమో కనుక్కోండి, కుక్కలకి మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోట్లో వేస్తే దీని ప్రాణానికే ముప్పు.